సెల్ పోయింది

హలో... హలో, వినబడుతోందా అండీ? ఆఁ, బాగున్నారా అందరూ? పొయ్యి మీద ఏమన్నా పెట్టుంటే ముందు కట్టేసి రండి, నేను ఆగుతాను. మధ్యలో లేచిపోయే కథ కాదిది.

ఇవాళ చెప్పేది మన ముక్కుగారికి వారం రోజులు తిండి సయించకుండా చేసిన కేసు. హత్య కూడా కాదండీ. "హత్య అయినా బాగుండేదయ్యా" అన్నాడాయన. ఎందుకన్నాడో వింటే మీకే తెలుస్తుంది.

కొత్తగా లైన్లోకి వచ్చినవాళ్ళ కోసం ఒక్క మాట. ముక్కుగారిది అసలు ఇన్సూరెన్సు ఉద్యోగం. గుద్దుకున్న కార్లు చూసి, ఎవరు నిజం చెబుతున్నారో ఎవరు బొంకుతున్నారో తేల్చడమే పని. రిటైరయ్యాక జనమే వెతుక్కుంటూ వచ్చి కేసులు నెత్తిన పెట్టడం మొదలెట్టారు. మనిషికి ముక్కు కాస్త పొడుగు, దానికి తోడు ప్రతిదీ వాసన చూసే అలవాటు. అలా ఆ పేరు అతుక్కుపోయింది.

ఇక రండి, షెడ్డులోకి పోదాం.

రెండు కార్లు పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి. మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిస్తేనే పట్టే సందు. నల్లకారు చనిపోయిన పెద్దాయనది. దాని బానెట్ మీద పోలీసులు అతికించిన కాగితం సీలు. తెల్లకారు ఆయన కొడుకుది. ఇంట్లో అందరూ చిన్నబాబు అంటారు, బాబుకి నలభై దాటినా సరే.

పది రోజుల కిందట పొద్దున్నే పెద్దాయనకి గుండెల్లో నొప్పి వచ్చింది. డ్రైవరు ఆయన్ని ఎత్తుకొచ్చి నల్లకారు వెనక సీట్లో పడుకోబెట్టి, తాళం తిప్పాడు. టిక్ టిక్ టిక్. అంతే. సెల్ఫ్ ఎత్తుకోలేదు. ఆటోమేటిక్ బండి, తోసినా రాదు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే అది వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. డ్రైవరు రోడ్డు మీదకి పరిగెత్తి కూరగాయల వ్యాను ఒకటి బతిమాలి తీసుకొచ్చేసరికే అంతా అయిపోయింది. భార్య ఒళ్ళో తల పెట్టుకుని, కదలని కారులోనే కన్నుమూశాడు పెద్దాయన.

బానెట్ ఎత్తి చూస్తే, రెండు నెలల కిందట వేసిన కొత్త బ్యాటరీ లేదు. దాని చోట ఎక్కడిదో చచ్చిన బ్యాటరీ కూర్చునుంది. డ్రైవరే కొత్తది అమ్ముకుని ఇది పెట్టాడని ఇన్‌స్పెక్టరు నిన్న వాణ్ణి లోపలేశాడు. ఇవాళ నాలుగింటికి జడ్జి ముందు నిలబెడతారు. ఆ గుమ్మం దాటాడంటే మళ్ళీ ఎప్పటికి ఇల్లు చూస్తాడో!

నిన్ననే ముక్కుగార్ని పిలిపించింది పెద్దమ్మగారు, అంటే పెద్దాయన భార్య. "అన్నయ్యగారూ, వాడు నా పెళ్ళినాటి నుంచీ ఈ ఇంట్లో ఉన్నాడు. వాడే చేశాడని తేలితే నమ్ముతాను. కానీ ఎవరో చెబితే నమ్మను. నాకు కళ్ళతో చూపించండి" అంది.

ఇన్‌స్పెక్టరు షెడ్డు గుమ్మంలో కుర్చీ వేయించుకుని, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నాడు. పుల్ల మొనకి వచ్చినదాన్ని ఒకసారి చూసుకుని మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. ముక్కుగారు మొహం తిప్పేసుకున్నాడు.

"రండి రండి ముక్కుగారూ! వాసన చూసుకోడానికి వచ్చారా? కానివ్వండి. నాలుగింటి దాకా మీ ఇష్టం."

"ముందు మీ కేసేంటో చెప్పండి సార్. కట్టె విరిచినట్టు చెప్పండి."

"ఏముంది చెప్పడానికి? వాడి సెల్ పోయింది. కొత్తది కొనడానికి చేతిలో పైసా లేదు. బ్యాటరీ పీకి అమ్ముకున్నాడు. సెల్ పోయింది, కొత్తది కొనాల్సిందే అని వాడి నోటితో వాడే అంటుంటే వంటామె విన్నది."

"అమ్మిన షాపు దొరికిందా?"

"దొరుకుతుంది. ఎక్కడికి పోతుంది?"

"మరి వాడి దగ్గర ఫోనే లేదా ఇప్పుడు?"

"ఎందుకు లేదు? ఇదిగో, కొనేశాడుగా" అంటూ ప్లాస్టిక్ కవరులోంచి ఫోను తీసి చూపించాడు. బటన్ల ఫోను. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

ముక్కుగారు దాన్ని అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గ్రీజు, చెమట, పాత బీడీ కంపు. "సార్, ఈ కొత్త ఫోను మీద అయిదో నంబరు అరిగిపోయి అసలు కనబడట్లేదు. పది రోజుల్లో ఎంతమందికి ఫోన్లు చేసుంటాడంటారు?"

ఇన్‌స్పెక్టరు మొహం జేవురించింది. "సెకండ్ హ్యాండ్ కొనుంటాడు! మీరు వచ్చింది బ్యాటరీ కోసమా, ఫోను కోసమా?"

"ఆ రెంటికీ తేడా తెలుసుకోడానికే వచ్చాను. సీలు తీయండి."

బానెట్ లేవగానే కుళ్ళిన గుడ్డు వాసన ముక్కుల్లో గుచ్చుకుంది. అయినా ముక్కుగారు వంగాడు. బ్యాటరీ రెండు బుడిపెల మీదా తెల్లగా పచ్చగా బూజులాంటి పొక్కు పేరుకుని ఉంది, ఎవరో ఉమ్మేసి వదిలేసినట్టు. పదో నంబరు పానా తీసుకుని ముందు మైనస్ వైరు విప్పాడు, తర్వాత ప్లస్ విప్పాడు. వైరు చివర ఉండే బిగింపు లోపల వేలు పెట్టి చూశాడు. నున్నగా మెరుస్తోంది. వాసెలీన్ జిడ్డు.

"ఇది చూడండి సార్. బుడిపె చూస్తే కుష్టు పట్టినట్టుంది. దాని మీద బిగించిన వైరు చూస్తే ముద్దొస్తోంది. ఈ రెండూ మొన్నమొన్నే కలిశాయి."

"అదే కదా నేనూ అంటున్నది! మార్చేశాడు అని."

"మార్చారు. ఎవరు మార్చారన్నదే గొడవ. పెద్దమ్మగారు చెప్పారు, ఈ డ్రైవరు నెలనెలా వేన్నీళ్ళు పోసి, బ్రష్ కొట్టి, వాసెలీన్ రాసేవాడు. వాడి చేతికి ఈ పొక్కు తగిలుంటే గీకకుండా పెట్టేవాడా? దొంగతనం చేసినా చేతి అలవాటు పోదండీ. ఇంకోటి చూడండి. బ్యాటరీ పేరు ముందుకి కనబడాలి. ఇక్కడ పేరు ఇంజను వైపుకి తిరిగింది. దీని ప్లస్ ఎడమ పక్క, ఈ కారుకి కుడి పక్క కావాలి. వైరు అందక, మొత్తాన్ని వెనక్కి తిప్పి కూర్చోబెట్టారు. కిందకి పట్టి ఉంచే క్లాంపు కూడా బిగించలేదు, నట్టు అలాగే పడేసి పోయారు. ఇది చేతకాని చేతి పని."

సంచిలోంచి, బ్యాటరీ నీళ్ళలో పస ఎంతుందో కొలిచే గాజు గొట్టం తీశాడు. పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే బిళ్ళ. బ్యాటరీ మూతలు ఆరూ విప్పి ఒక్కో గదిలోంచీ నీళ్ళు పీల్చి చూశాడు. అయిదు గదుల్లో బిళ్ళ కాస్తో కూస్తో తేలింది. మూడో గదిలో నీళ్ళు బురద రంగులో ఉన్నాయి, బిళ్ళ రాయిలా అడుగున కూర్చుంది.

ముక్కుగారు నవ్వలేదు గానీ, కనుబొమలు రెండూ పైకి లేచాయి. "వంటామెని పిలవండి."

వంటామె చేతులు కొంగుకి తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఇన్‌స్పెక్టరు ముక్కుగారి వెనకాలే వెళ్ళి, గుమ్మంలో పడున్న మసిగుడ్డకి బూట్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు విన్నది విన్నట్టు చెప్పు. సొంతంగా ఏమీ కలపకు."

"కలపడానికి నేనేం కూర వండుతున్నానా అయ్యగారూ! ఆ రోజు పాలు కాస్తున్నాను. కిటికీ అవతల డ్రైవరు అంటున్నాడు. 'సెల్ పోయిందండీ. ఇంక ఎన్ని నీళ్ళు పోసినా లాభం లేదు. కొత్తది కొనాల్సిందే' అని."

ముక్కుగారు చెయ్యి పైకెత్తాడు. "ఆగు. నీళ్ళా?"

"ఆఁ, నీళ్ళే."

ఇన్‌స్పెక్టరు బూటు ఆగింది. "ఆ నీళ్ళ సంగతి నాకు చెప్పలేదేం?"

"మీరు చెప్పనిచ్చారా బాబూ? సెల్ పోయింది అనగానే చాలు చాలు అని రాసేసుకుని లేచిపోయారు!"

"సార్" అన్నాడు ముక్కుగారు మెల్లగా, "సెల్ ఫోనులో నీళ్ళు పోసేవాణ్ణి మీ సర్వీసులో ఎప్పుడైనా చూశారా?"

ఇన్‌స్పెక్టరు పుల్ల పారేశాడు.

"బ్యాటరీలో ఆరు గదులుంటాయి. కార్లోళ్ళ భాషలో ఒక్కో గదీ ఒక సెల్. ఒక్కటి చచ్చిందా, మిగతా అయిదూ బతికున్నా బండి కదలదు. రాత్రంతా ఛార్జింగు పెట్టినా నిలవదు. డ్రైవరు అన్నది దాని గురించి. వాడు మీకు చెప్పలేదా?"

"ఏదో బ్యాటరీ గోల చెప్పాడు. తప్పించుకోడానికి వాగుతున్నాడనుకున్నాను."

"వినుంటే పోయేది. అమ్మా, ఈ మాట డ్రైవరు ఎవరితో అన్నాడు?"

"చిన్నబాబుతోనండీ. అప్పుడు తెల్లకారు బానెట్ ఎత్తి ఉంది. అయ్యగారు పోవడానికి వారం ముందు."

ముక్కుగారి చూపు ఇన్‌స్పెక్టరు బూట్ల మీద పడింది. "సార్, కాస్త కాలు తీయండి."

మసిగుడ్డని రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురుకి పట్టాడు. మంచి బట్ట. ముందువైపు, తొడల దగ్గర, చిన్న చిన్న చిల్లులు జల్లెడలా ఉన్నాయి.

"ఇదేంటమ్మా?"

"చిన్నబాబు ప్యాంటండీ. అయ్యగారు పోయిన మర్నాడు ఉతికాను. నానబెట్టినప్పుడు బాగానే ఉంది. పిండితే చేతిలోనే చిల్లులు పడిపోయింది. కావాలని పాడుచేశానని నానా మాటలూ అన్నాడు, శవం లేచిన ఇల్లని కూడా చూడకుండా. పోనీలే అని మసిగుడ్డ చేసుకున్నా."

"నీ తప్పేం లేదు. బ్యాటరీ యాసిడ్ పడ్డ బట్ట అలాగే ఉంటుంది. పైకి ఏమీ తెలియదు. నీళ్ళలో పడి పిండితేనే బయటపడుతుంది" అన్నాడు ముక్కుగారు. "మూతలు కారే పాత బ్యాటరీని పొట్టకి ఆనించుకుని మోసినవాడి ప్యాంటు ఇది."

చేతులు కడుక్కోవాలనిపించిందాయనకి. కడుక్కున్నాడు. ఆ రోత పోతుందేమోనని ఇంకోసారి కడుక్కున్నాడు. పోలేదు.

చిన్నబాబు హాల్లో సోఫాలో కాళ్ళు బార్లా చాపుకుని ఫోను చూసుకుంటున్నాడు. అరచెయ్యంత ఫోను. దాన్ని చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "ఇంకా అవ్వలేదా మీ తనిఖీ?" అన్నాడు. పెద్దమ్మగారు కిటికీ పక్క కుర్చీలో ఉంది. తల తిప్పలేదు.

"రెండే రెండు ప్రశ్నలు బాబూ. ఆ రోజు నాన్నగారి కారు కదలనప్పుడు మీ కారు తీయలేదేం?"

"నా కారు వారం నుంచీ చచ్చి పడుంది. ఆ డ్రైవర్నే అడగండి, వాడే చెప్పాడు."

"అవును, వాడే చెప్పాడు. అందుకే వాడికి మీ కారు వైపు చూడాలని కూడా తట్టలేదు. తను చెప్పిన మాట తనే నమ్మాడు పాపం. సరే, రెండోది. పెద్దమ్మగారూ, మీ అబ్బాయి కారు కొనడానికి ఎవరో వస్తామన్నారని నిన్న నాతో అన్నారు. ఎప్పుడు రావాలి వాళ్ళు?"

"ఆయన పోయిన రోజే" అందామె. "పదింటికి వస్తామన్నారు. కబురు తెలిసి ఆగిపోయారు."

ముక్కుగారు చిన్నబాబు వైపు తిరిగాడు. "చచ్చి పడున్న కారుని కొనేవాళ్ళకి ఎలా చూపిద్దామనుకున్నారు బాబూ?"

చిన్నబాబు ఫోను తుడవడం ఆపేశాడు. "అది... మెకానిక్కుని పిలిపిద్దామని..."

"పిలిచారా?"

"పిలుద్దామనుకున్నా. ఈలోపు నాన్న..."

"ఏ మెకానిక్కు?"

చిన్నబాబు ఫోనులో నంబరు వెతుకుతున్నట్టు వేలు తిప్పాడు. ఇన్‌స్పెక్టరు ఒక అడుగు ముందుకేశాడు, కానీ ఆయనకన్నా ముందు పెద్దమ్మగారు లేచింది. గూట్లో ఉన్న తాళం తీసింది. తెల్లకారు తాళం.

"అమ్మా, ఎందుకమ్మా ఇప్పుడు? అది స్టార్టవ్వదని చెప్పానుగా! అమ్మా!"

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డులోకి నడిచింది. తెల్లకారు తలుపు తీసింది. కూర్చోలేదు. నిలబడే లోపలికి చెయ్యి పెట్టి తాళం తిప్పింది.

ఒక్క తిప్పుకే, దగ్గైనా లేకుండా, ఇంజను అందుకుంది.

పది రోజులు తాకకుండా వదిలేసిన కారు! మీద దుమ్ము కూడా రాలలేదు. హాయిగా గుర్రుమంటూ నిలబడింది. ముక్కుగారు బానెట్ ఎత్తాడు. కొత్త బ్యాటరీ, పేరు వెనక్కి తిరిగి కూర్చునుంది. బుడిపెల మీద వాసెలీన్ ఇంకా తడిగా మెరుస్తోంది. డ్రైవరు వేలి ముద్ర కూడా ఉంది దాంట్లో, చిన్నపిల్లాడు వెన్న మీద వేలు పెట్టినట్టు.

"నేనేం చంపలేదు!" చిన్నబాబు గొంతు కీచుమంది. "ఒక్క పూట కోసం పెట్టుకున్నా. అమ్మేసే కారుకి కొత్త బ్యాటరీ కొంటారా ఎవరైనా? వాళ్ళు చూసి వెళ్ళగానే మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేద్దామనుకున్నా. ఈలోపు ఇలా అవుతుందని నాకేం కలొచ్చిందా? తర్వాత పెడదామంటే పోలీసులు సీలేసి కూర్చున్నారు!"

"అది సరేనయ్యా" అన్నాడు ముక్కుగారు. "ముందు రోజు రాత్రి నువ్వు చేసింది కక్కుర్తి. కక్కుర్తిని నేను ముప్ఫై ఏళ్ళు చూశాను, దానికి నా ఒళ్ళు మండదు. పొద్దున్న సంగతి చెప్పు. మీ నాన్న ఇక్కడ, ఈ నల్లకారు సీట్లో, ఊపిరందక కొట్టుకుంటున్నాడు. డ్రైవరు తాళం తిప్పి తిప్పి ఏడుస్తున్నాడు. నువ్వెక్కడున్నావు?"

చిన్నబాబు ఆ ఇరుకు సందు వైపు చూశాడు. రెండు కార్ల మధ్య.

"అక్కడ నిలబడ్డావా? నీ నడుముకి తగులుతూ మంచి బ్యాటరీ ఉన్న కారు. జేబులో తాళం. 'నాది తీస్తాను' అంటే అయిపోయేది. ఎందుకు అనలేదు?"

"ఎలా అనను?" అన్నాడు వాడు, అంతకన్నా న్యాయమైన మాట ఉండదన్నట్టు. "డ్రైవరు ఉన్నాడు, వంటామె ఉంది. నీదెలా స్టార్టయిందని అడగరా? పనివాళ్ళ ముందు నా పరువేం కావాలి? అంబులెన్సు వస్తుందిగా అనుకున్నా."

వాళ్ళ వెనకే వచ్చిన వంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముక్కుగారు షెడ్డు మూలకి వెళ్ళి ఉమ్మేశాడు. మూలనున్న ఇనుప డబ్బా మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఒక మనిషి కోపంతో చంపితే ఆ కోపం ఎక్కడిదో వెతకొచ్చు. దీన్నేమని వెతుకుతాం?

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఫోను తీసి స్టేషనుకి కలిపి, "డ్రైవర్ని కదిలించకండి. నేను వస్తున్నా" అన్నాడు. పెట్టేశాక ముక్కుగారితో, "దీనికి ఏ సెక్షన్ రాయాలో నాకర్థం కావట్లేదు సార్" అన్నాడు. ఇందాకటి 'ముక్కుగారూ' ఇప్పుడు 'సార్' అయింది.

"అది మీరే చూసుకోవాలి. నాకు మాత్రం ఈ పూట తిండి వద్దు."

పెద్దమ్మగారు తెల్లకారు వెనక తలుపు తీసుకుని ఎక్కింది. సీటు మధ్యలో కాకుండా, ఓ మూలకి ఒదిగి కూర్చుంది. పక్కన ఒక మనిషి తల పెట్టుకుని పడుకునేంత చోటు వదిలింది.

"నడుపు" అంది కొడుకుతో.

"ఎక్కడికమ్మా?"

"ఆసుపత్రికి. ఎంతసేపు పడుతుందో చూడాలి నాకు. తర్వాత స్టేషనుకి పోదాం. డ్రైవర్ని నేను తెచ్చుకుంటాను."

"అమ్మా, ఇప్పుడు అదంతా ఎందుకమ్మా..."

"నడపరా."

ఇన్‌స్పెక్టరు ముందు సీట్లో కూర్చున్నాడు. ముక్కుగారు వెనక, ఆమె వదిలిన చోటు తాకకుండా తలుపుకి అతుక్కుని కూర్చున్నాడు. దారిలో రెండుసార్లు చిన్నబాబు బ్రేకు గట్టిగా తొక్కాడు, బండి కుదుపు ఇచ్చింది. రెండుసార్లూ ఆమె చెయ్యి పక్క సీటు మీదకి వెళ్ళింది, ఎవరో పడిపోకుండా పట్టుకున్నట్టు.

ఆసుపత్రి గేటు దగ్గర కారు ఆగింది.

"ఎంతయ్యింది?" అందామె.

ముక్కుగారు బయల్దేరినప్పటి నుంచీ వాచీ చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు దాన్ని చొక్కా చేతి కిందకి తోసేశాడు.

ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. "తొమ్మిది నిమిషాలమ్మా."

ఆమె తల ఊపింది. పక్కన ఖాళీగా ఉన్న సీటుని అరచేత్తో రెండుసార్లు నిమిరింది.

"ఇంజను ఆపకు" అంది కొడుకుతో. "ఇంక స్టేషనుకి పోనీ."

అదండీ సంగతి. కథ నచ్చిందా అని అడగను, నచ్చే కథ కాదిది. ఒక్క సాయం చేసి పెట్టండి. మీ ఇంట్లో కారు తాళం ఎవరి జేబులో ఉంటుందో వాళ్ళకి ముందు ఇది పంపండి, ఆ తర్వాత మీ ఇష్టం వచ్చినవాళ్ళకి. పంపే ముందు మీరూ ఓసారి వెళ్ళి బండి తాళం తిప్పి చూసుకోండి. ఎత్తుకుందా? హమ్మయ్య. ఇంక ఉంటానండీ.